ఒక్క నిమిషం పెంగిలీ

శనివారం పొద్దున్నే మా వీధిలో ఎవరికీ అలారం అక్కర్లేదు. ఎదురింటి లెస్టర్ పెంగిలీ పడవ ఇంజిన్ స్టార్ట్ చేస్తాడు. సముద్రంలో కాదు, తన ఇంటి ముందు సిమెంటు బాట మీద.

పడవ ట్రైలర్ మీద ఉంటుంది. ట్రైలర్ చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు. లెస్టర్ ఇస్త్రీ చేసిన నిక్కరు వేసుకుని, మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని బయటికి వస్తాడు. ఇంజిన్ అడుగున నీళ్ళు పీల్చుకునే చోట రెండు రబ్బరు దొప్పలు తగిలిస్తాడు. వాటిని ఇక్కడ అందరం చెవులంటాం. ఆ చెవులకు తోట పైపు బిగించి కుళాయి తిప్పుతాడు. పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డను గట్టిపడేదాకా పిసుకుతాడు. తర్వాత అటూ ఇటూ చూస్తాడు, ఎవరైనా కిటికీలోంచి చూస్తున్నారేమోనని. చూడకపోతే ఒకసారి దగ్గుతాడు కూడా. అప్పుడు తాళం తిప్పుతాడు.

ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. వీధిలో కుక్కలన్నీ లేస్తాయి. ఇంజిన్ వెనక నుంచి సన్నటి నీటి ధార పడుతుంది. పసిబిడ్డకు స్నానం చేయించే తల్లిలా ఆ ధార కింద వేలు పెట్టి వేడి చూస్తాడు. తల ఆడిస్తాడు. చివరికి అందరికీ వినపడేలా "పాస్!" అంటాడు.

ఇంజిన్ ఆపేసి, చెవులు ఊడదీసి, పైపు చుట్టచుట్టి, పడవకు పట్టా కప్పి లోపలికి పోతాడు. అంతే. ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. ఆ ఎనిమిదేళ్ళలో ఆ పడవ అడుగుకు ఉప్పునీటి చుక్క తగిలితే నా చెవి కోసిస్తాను.

నేను డెల్‌ని. పోర్ట్ టెరిల్ రేవు పక్కన ఎర, ఐసు, టీ, మాంసమూ బంగాళాదుంపా కూరిన పేస్టీలు అమ్మే కొట్టు నాది. రేవులో జరిగేదంతా నా కిటికీలోంచి కనిపిస్తుంది. కనపడనిది ఏదన్నా ఉంటే బెంచీ చెబుతుంది.

బెంచీ అంటే నా కొట్టు ముందున్న చెక్క బల్ల. దాని మీద పొద్దుటి నుంచి డగ్గీ హాస్కెట్, వాడి వెంట ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళు కూర్చుంటారు. డగ్గీ పనిచేసినన్నాళ్ళు ట్రాక్టర్లు బాగుచేశాడు. ఇప్పుడు మనుషుల్ని బాగుచేస్తున్నానని వాడి నమ్మకం. పడవలు నీళ్ళలోకి దించే రేవు వాలు మీద ఎవడు ట్రైలర్‌ని వంకరగా దించినా, ఎవడి పెళ్ళాం ఎవణ్ణి తిట్టినా, వీళ్ళకు కడుపు నిండిపోతుంది. సినిమాహాలు లేని ఊళ్ళో పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు!

లెస్టర్ ఆ బెంచీకి దొరికిన రోజు నాకు బాగా గుర్తుంది. దానికి ముందు లెస్టర్ ఎవరో చెప్పాలి. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ డ్రైవింగ్ పరీక్ష పెట్టే అధికారి ఆయన. ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, ఊళ్ళో సగంమందిని ఫెయిల్ చేశాడు. నన్ను రెండుసార్లు చేశాడు. రెండోసారి ఎందుకయ్యా అంటే, అద్దం చూసేటప్పుడు కళ్ళు మాత్రమే తిప్పాను, తల తిప్పలేదట. "తల తిప్పితేనే నువ్వు చూసినట్టు నాకు తెలుస్తుంది, డెల్" అన్నాడు. చూడ్డం కంటే చూసినట్టు కనపడ్డం ముఖ్యమన్నమాట. ఆ మాట మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే.

రిటైరవగానే ఆయన పడవ కొన్నాడు. తెల్లగా, కొత్త పింగాణీ గిన్నెలా ఉండేది. పక్కన నీలం రంగుతో 'లోర్నా' అని భార్య పేరు రాయించాడు. రిటైరయ్యాక సముద్రం మీద తిప్పుతానని ఆవిడకు ఎన్నో ఏళ్ళ నాటి మాట. అఖాతం మధ్యలో, ఆటుకు నీళ్ళు తీసినప్పుడు మాత్రం తేలే ఇసుక తిన్నె ఒకటుంది. దాని మీద కూర్చుని పేస్టీ తింటూ మన ఊరు నీళ్ళ మీంచి ఎలా ఉంటుందో చూడాలని లోర్నా కోరిక. పెద్ద కోరికేం కాదు. మా ఊళ్ళో పిల్లలు చెక్కపలక మీద కూడా పోయొస్తారు అక్కడికి.

ఆ ఏడు ఈస్టర్ శనివారం. అడిలైడ్ నుంచి వచ్చిన పడవల బళ్ళు చర్చి దాకా వరుస కట్టాయి. లెస్టర్ పడవను నీళ్ళలోకి దించాడు, చక్కగా, గీత గీసినట్టు. లోర్నా నీలం టోపీ పెట్టుకుని, ఒళ్ళో బుట్టతో, రాణీగారిలా కూర్చుంది. లెస్టర్ తాళం తిప్పాడు. గుర్ర్ మంది గానీ ఇంజిన్ అందుకోలేదు.

"ఒక్క నిమిషం!" అన్నాడు, వెనక వరుసలో ఉన్నవాళ్ళతో.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఒక్క నిమిషం అన్నాడు. మూత తీశాడు, మూత పెట్టాడు. బుడ్డ పిసికాడు. వెనక వాళ్ళు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. లెస్టర్ మొహం ఉడకబెట్టిన పీతలా అయింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూనే ఉన్నాడు, బెంచీ మీద వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

చివరికి డగ్గీ, చేతిలో సగం తిన్న పేస్టీతోనే, తాపీగా వాలు దిగి వెళ్ళాడు. పడవలోకి వంగి, ఎర్రగా మెలికలు తిరిగి ఉండే తాడొకటుంటుంది, దాని కొక్కేన్ని బొటనవేలితో టక్కున నొక్కాడు. "ఇప్పుడు తిప్పు."

ఇంజిన్ అందుకుంది.

"ఈ ఎర్రతాడు తగిలించకపోతే ఏ ఇంజినూ కదలదురా లెస్టరూ" అన్నాడు డగ్గీ, చర్చి దాకా వినపడేలా. "దీని కొస నీ చేతికి కట్టుకోవాలి. నువ్వు నీళ్ళలో పడితే ఇది ఊడొస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. చంటిపిల్లాడికి తెలుసు. పరీక్షలో ఇలాంటివి అడగవా నువ్వు?"

లెస్టర్ పడవను మళ్ళీ ట్రైలర్ మీదకు లాక్కుని, లోర్నానూ బుట్టనూ నీలం టోపీనీ ఎక్కించుకుని ఇంటికి పోయాడు. ఆ సాయంత్రానికల్లా ఊరంతా ఆయన పేరు 'ఒక్క నిమిషం పెంగిలీ' అయిపోయింది. ఆయన చేతిలో ఫెయిలైన వాళ్ళంతా ఆ రాత్రి హాయిగా పడుకున్నారు. నేనూ పడుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

ఆ మర్నాటి నుంచి లెస్టర్ మారిపోయాడు. ఎర్రతాడు మెడలో వేసుకున్నాడు. చర్చికి వేసుకొచ్చాడు. బౌలింగ్ క్లబ్బు విందుకు, టై మీద వేసుకొచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకున్నప్పుడూ అది మెడలోనే ఉందని ఆ డాక్టరుగారి దగ్గర పనిచేసే అమ్మాయే నాకు చెప్పింది.

అంతటితో ఊరుకున్నాడా? శని, ఆదివారాలు రేవుకు వచ్చి వాలు మొదట్లో నిలబడటం మొదలుపెట్టాడు. పడవ లేకుండా, వట్టి చేతులతో, మెడలో ఎర్రతాడుతో. వచ్చిన ప్రతి బండి కిటికీలోకీ వంగేవాడు.

"ఇంటి దగ్గర స్టార్ట్ చేసి చూసుకున్నారా?"

"ఆఁ, పోయినవారం బాగానే నడిచిందండీ."

"పోయినవారం సంగతి కాదు నేనడిగేది. ఇవాళ పొద్దున! చెవులు పెట్టి, నీళ్ళు వదిలి, ఇంజిన్ వేడెక్కేదాకా! లేదా? చూశారా, ఇలాంటివాళ్ళ వల్లే రేవు ఆగిపోయేది."

ఒక చెక్క మీద 'ఇంటి దగ్గరే ఇంజిన్ స్టార్ట్ చేసి చూసుకుని రండి' అని రాసి, నా కొట్టు గోడకు మేకులు కొట్టాడు. నన్నడగలేదు. అడిగితే ఒప్పుకునేదాన్నే, ఎందుకంటే అందులో తప్పేముంది? ఇంజిన్ కదలని పడవతో వాలుకు అడ్డంపడ్డ వాడికంటే వెధవ ఈ ఊళ్ళో లేడు. ఆ బోర్డు పెట్టాక అలాంటి వెధవలు తగ్గారు కూడా. లెస్టర్ చెప్పేది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ నిజం ఆయన నోట్లోంచి వస్తేనే చెంప మీద కొట్టాలనిపిస్తుంది, అంతే.

మరి తను ఎందుకు దించడు? అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు. గాలి ఉత్తరం నుంచి ఉంది. ఆటు మరీ ఎక్కువగా ఉంది. సెలవుల రద్దీ. పెట్రోలు పాతబడింది. పెట్రోలు కొత్తది, ఇంజిన్‌కింకా అలవాటు కాలేదు. ఒకసారి ఏ కారణమూ దొరక్క, "ఈ సముద్రం రంగు నాకు నచ్చలేదు" అన్నాడు. బెంచీ ఆ మాటను రెండేళ్ళు వాడుకుంది.

లోర్నా మాత్రం ఏమీ అనేది కాదు. అదే నాకు మండేది. ఎనిమిదేళ్ళు ప్రతి శనివారం వంటింటి కిటికీలోంచి చూసి, ఇంజిన్ ఆగాక టీ పెట్టేది. మొగుడు "పాస్!" అంటే, "బాగుంది" అనేది. నేనైతే ఆ పైపుతోనే ఆయన్ని కట్టేసేదాన్ని.

ఈ ఏడు ఈస్టర్‌కు రెండు రోజుల ముందు లోర్నా నా కొట్టుకొచ్చింది. కుంటుతోంది. టీ ఇచ్చి కూర్చోబెట్టాను.

"వచ్చే నెల మోకాలికి ఆపరేషనే డెల్" అంది. "ఆ తర్వాత పడవ ఎక్కడాలూ దిగడాలూ వద్దంటున్నాడు డాక్టరు. అందుకని లెస్టర్‌కి చెప్పేశాను. ఈ ఈస్టర్‌కి నన్ను తిన్నె దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే అని."

"ఏమన్నాడేం? సముద్రం రంగు చూసి చెబుతానన్నాడా?"

"సరే అన్నాడు."

"అబ్బో! నమ్మావా?"

లోర్నా నవ్వి, చేతిసంచీలోంచి చిన్న వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. నల్లటి బిరడా, మర ఉన్నది, బొటనవేలంత.

మా ఊళ్ళో దాన్ని చూసి ఏమిటని అడిగేవాళ్ళుండరు. పడవ వెనక, అడుగున ఒక రంధ్రం ఉంటుంది. గట్టు మీద ఉన్నప్పుడు బిరడా తీసి ఉంచుతాం, వాననీళ్ళూ పైపునీళ్ళూ కారిపోవడానికి. నీళ్ళలోకి దించే ముందు బిగిస్తాం. బిగించకపోతే పడవ నిండి మునుగుతుంది. ఇంజిన్ ఎంత బాగా నడుస్తున్నా సరే, నడుస్తూనే మునుగుతుంది.

"అది మీ పడవదా?"

"అదే. ఆ రోజు ఇంటికి రాగానే నేనే ఊడదీశాను. నీళ్ళు కారాలిగా! తీసి నా దారాల డబ్బాలో వేశాను. ఎనిమిదేళ్ళయింది. ఏదీ, ఎక్కడ పెట్టావ్ అని ఒక్కసారి కూడా అడగలేదు." ఆవిడ ఆ బిరడాని వేలితో దొర్లించింది. "సిమెంటు మీద నడిపేవాడికి దీనితో పనేముంది? అడిగాడంటే, నిజంగా నీళ్ళలో దించుతున్నాడని అర్థం. అడగలేదంటే, వట్టిదే. గాలి గురించి ఎన్ని చెప్పినా నేను వినను, డెల్. ఇది అడుగుతాడా లేదా, అదే చూస్తున్నాను."

ఎనిమిదేళ్ళు ఈ మనిషి చూసీచూడనట్టు ఉందనుకున్నాను. ప్రతి శనివారం ఆ కిటికీలో నిలబడి ఆవిడ చూస్తున్నది ఇంజిన్‌ని కాదు.

"నువ్వే చెప్పొచ్చుగా? బిరడా లేదురా నాయనా అని?"

"ఎందుకు చెప్పాలే? నేను చెబితే, నేను దించినట్టు."

ఈస్టర్ శనివారం తెల్లారకముందే లెస్టర్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఆపాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. నేను కొట్టు తెరవడానికి వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒక్క తిప్పుకే, డెల్! రెండుసార్లూ!"

"శుభం. బెంచీకి చెబుతా."

చెప్పక్కర్లేదు. బెంచీకి అప్పటికే తెలుసు. రోజూ వచ్చేవాళ్ళు కాక, పై ఊళ్ళ బార్లీ రైతులు కూడా మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. డగ్గీ క్షవరం చేయించుకుని వచ్చాడు.

లెస్టర్ బండి వచ్చింది. వాలుకు పక్కగా, పడవలు సిద్ధం చేసుకునే చోట ఆపాడు. లోర్నా దిగింది. అదే నీలం టోపీ, కొంచెం వెలిసింది. చేతిలో బుట్ట. రెండో చెయ్యి స్వెట్టర్ జేబులో ఉంది. ఆ జేబులో ఏముందో నాకు తెలుసు. పేస్టీలు వేడిచేయడం మానేసి కిటికీకి అతుక్కుపోయాను.

లెస్టర్ పట్టీలు విప్పాడు. బ్యాటరీ తీగలు పట్టుకుని కదిపాడు. బుడ్డ పిసికాడు. మెడలో ఎర్రతాడు తీసి, ముద్దుపెట్టుకుంటాడేమో అనుకున్నాను, కొక్కెం తగిలించి మూడుసార్లు లాగి చూశాడు. ఇంజిన్ మూత తీసి లోపలికి చూసి, మూత పెట్టాడు. ప్రతి పనికీ తల మొత్తం తిప్పి చూస్తున్నాడు, చూసినట్టు బెంచీకి తెలియాలిగా.

లోర్నా పడవ వెనక్కి వచ్చి నిలబడింది. సరిగ్గా ఆ రంధ్రం పక్కన.

"అన్నీ చూసుకున్నావా లెస్టర్?"

"ఆఁ."

"ఏమీ మర్చిపోలేదా?"

"నేనా?" లెస్టర్ నవ్వాడు. అందరికీ వినపడేలా నవ్వాడు. "ఎనిమిదేళ్ళ నుంచి మర్చిపోని వాణ్ణి ఇవాళ మర్చిపోతానా?"

"నన్నేమీ అడగక్కర్లేదా మరి?"

"నువ్వు కొంచెం పక్కకు జరిగితే చాలు."

లోర్నా జరగలేదు. కాసేపు అలా ఆయన్నే చూసింది. లెస్టర్ అప్పటికే బెంచీ వైపు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. అప్పుడావిడ, నొప్పి మోకాలి మీద చెయ్యి వేసుకుని, మెల్లగా వంగింది. జేబులోంచి బిరడా తీసి రంధ్రంలో పెట్టి బిగించింది. గట్టిగా, మణికట్టు తిప్పి, ఇంకోసారి. లేచి నా కిటికీ వైపు చూసింది. అంటే ఆవిడ పెట్టిన పరీక్షలో మొగుడు తేలిపోయాడు. ఈయన వచ్చింది తిన్నెకు కాదు, ఇంజిన్ స్టార్ట్ చేసి బెంచీకి చూపించడానికి.

లెస్టర్ ట్రైలర్‌ని వెనక్కి దించాడు, గీత గీసినట్టు. లోర్నాని పడవలో కూర్చోబెట్టి, తనూ ఎక్కి, తాళం మీద చెయ్యి వేశాడు. రేవులో సీగల్ పిట్టలు కూడా అరవలేదంటే నమ్మండి.

ఒక్క తిప్పు. ఇంజిన్ అందుకుంది. నీటి ధార పడింది.

బెంచీ చప్పట్లు కొట్టింది. డగ్గీ లేచి నిలబడి టోపీ తీశాడు. బార్లీ రైతులు ఈలలు వేశారు. లెస్టర్ మొహం చూడాలి! ఆ మొహం కోసం ఎనిమిదేళ్ళు కుక్కల్ని లేపాడు పాపం. నాకే ఒక్క క్షణం జాలేసింది.

ఆ జాలి నిలవనిస్తేగా. పడవను ట్రైలర్ మీంచి నీళ్ళలోకి తేల్చి, జెట్టీ పక్కకు తెచ్చి, తాడు ఒక గుంజకు చుట్టాడు. తల పైకెత్తి ఆకాశం చూశాడు. నా కొట్టు మీద జెండా తడిగుడ్డలా వేలాడుతోంది.

"ఊహూఁ" అన్నాడు. "పడమటి గాలి లేస్తుంది. ఇవాళ్టికి ఇది చాలు. ట్రైలర్ ఇంకొంచెం లోపలికి దింపుతాను, పడవ ఎక్కించేద్దాం."

"ఇంజిన్ ఆపవా?" అంది లోర్నా.

"ఆపడమా? ఇంతమంది ముందా? ఆపితే మళ్ళీ..." మాట మింగేశాడు. ఎర్రతాడు కొసను తన చేతి నుంచి విప్పి లోర్నా మణికట్టుకు తగిలించాడు. "ఇది ఊడకుండా చూడు, ఇంజిన్ ఆగిపోతుంది. కదలకుండా కూర్చో. దేన్నీ ముట్టుకోకు."

జెట్టీ ఎక్కి బండి వైపు నడిచాడు. నడకలో కొత్త దర్పం. వెనక ఏమవుతుందో చూడలేదు, తల తిప్పమని ఊరందరికీ చెప్పినవాడు.

లోర్నా గుంజకున్న తాడు విప్పింది. చుట్టి పడవలో పెట్టింది. టోపీ సర్దుకుని, గేరు ముందుకు తోసింది.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ బాబాయి పీతల పడవ నడిపేది. ఆ సంగతి నాకు తెలుసు, డగ్గీకి తెలుసు. లెస్టర్‌కే తెలియదు. ఆవిడకు పరీక్ష పెట్టాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

"ఒరేయ్ లెస్టరూ!" డగ్గీ కేక వేశాడు. "నీ పడవ పోతోందిరా! నీ పెళ్ళాం కూడా!"

లెస్టర్ ఇటు తిరిగాడు. పడవ అప్పటికే జెట్టీ దాటింది.

"లోర్నా! ఏంటా పని? ఆపు! గేరు వెనక్కి లాగు! లాగకు, లాగకు, ఆగిపోతుంది!"

బెంచీ కింద పడి దొర్లుతోంది. ఆయన బండీ ట్రైలరూ వాలు మధ్యలో, అడ్డంగా. వెనక అడిలైడ్ వాళ్ళ వరుస పెరుగుతోంది. మొదటి హారన్ మోగింది.

"ఒక్క నిమిషం!" అని లెస్టర్ అటు తిరిగి అరిచాడు. రేవంతా గొల్లుమంది. ఎనిమిదేళ్ళు ఆ మాట కోసం వేచి ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

లెస్టర్ మళ్ళీ పడవ వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహంలో రంగు పోయింది. ఎరుపు కాదు ఈసారి, సున్నం కొట్టినట్టు అయిపోయాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"బిరడా!" అన్నాడు. "లోర్నా! బిరడా! బిరడా లేదే! మునిగిపోతావే! తిరుగు, వెనక్కి తిరుగు!"

ఇస్త్రీ నిక్కరుతో, మేజోళ్ళతో, బూట్లతో, వాలు మీంచి నీళ్ళలోకి పరుగెత్తాడు. పాకుడుకు కాలు జారి పడ్డాడు, లేచాడు, నడుము దాకా దిగాడు. ఇంజిన్ మాట ఎత్తలేదు. గాలి మాట ఎత్తలేదు. "లోర్నా, లోర్నా" అని గొంతు చించుకుంటున్నాడు. బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. డగ్గీ పేస్టీ పక్కన పడేసి జెట్టీ వైపు కదిలాడు.

బిరడా బిగించి ఉందని నాకు తెలుసు. ఒక్క మాట అరిస్తే ఆయన ప్రాణం కుదుటపడేది. అరవలేదు. నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశాడు మరి. ఇంకాసేపు తడవనీ అనుకున్నాను.

ఇంజిన్ మోత తగ్గింది. పడవ గుండ్రంగా తిరిగి, మెల్లగా వచ్చి, లెస్టర్‌కు చెయ్యందేంత దూరంలో ఆగింది.

"ఏమంటున్నావ్?" అంది లోర్నా. "ఇంజిన్ చప్పుడుకు సరిగ్గా వినపళ్ళేదు."

"బిరడా" అన్నాడు లెస్టర్. పళ్ళు టకటకలాడుతున్నాయి. పడవ అంచు పట్టుకుని లోపలికి చూస్తున్నాడు, నీళ్ళెక్కడ, నీళ్ళెక్కడ అని. "బిరడా ఏదీ? ఎక్కడ పెట్టావ్?"

లోర్నా టోపీని కళ్ళ మీదకు లాక్కుంది.

"పెట్టాను" అంది. "బిగించే ఉంది."

"ఎక్కడుంది ఇన్నాళ్ళూ?"

"నా దారాల డబ్బాలో. ఎనిమిదేళ్ళు."

లెస్టర్ నడుము లోతు నీళ్ళలో అలాగే నిలబడ్డాడు. ఆయన బుర్రలో అది ఎంతసేపటికి ఎక్కిందో చెప్పలేను గానీ, ఎక్కడం మాత్రం మేమందరం చూశాం. తల మెల్లగా దించుకున్నాడు.

"నేను అడగనేలేదు" అన్నాడు.

"లేదు."

"ఇవాళ కూడా."

"ఇప్పుడడిగావుగా" అంది లోర్నా. "ఎక్కు. టీ చల్లారిపోతుంది."

ఎక్కడం అనకూడదు దాన్ని. సీల్ జంతువు రాయి మీదకు పాకినట్టు, బోర్లా పడి, కాళ్ళు కొట్టుకుంటూ లోపలికి దొర్లాడు. ఒక బూటు నీళ్ళలోనే ఉండిపోయింది. లేచి, అలవాటు కొద్దీ ఎర్రతాడు మీదకు చెయ్యి పోనిచ్చాడు. లోర్నా ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. బుద్ధిగా పక్క సీట్లో కూర్చున్నాడు, ముప్పై ఏళ్ళు కూర్చున్న సీట్లో, కాకపోతే అట్ట లేదు.

వాలు మీద హారన్లు హోరెత్తిపోతున్నాయి. ట్రైలర్ అలాగే అడ్డంగా ఉంది, వరుస ఈసారి చర్చి దాటిపోయింది.

"ఒరేయ్ పెంగిలీ!" డగ్గీ జెట్టీ చివర నుంచి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "నీ బండి ఎవడు తీస్తాడురా, నీ తాతా?"

రేవంతా 'ఒక్క నిమిషం' అనే ఆ మాట కోసం చెవులు రిక్కించింది. బెంచీ పెదాలు కదిలిస్తోంది కూడా, ఆయనతో కలిసి అందామని.

లెస్టర్ తల మొత్తం ఇటు తిప్పాడు.

"తాళం దానికే ఉంది!" అని అరిచాడు. "మేం చీకటి పడేదాకా రాం!"